వారం సమీక్ష: చూసుకోవడం వేరు, చేయడం వేరు

(ఉద్యోగులు, చిన్న వ్యాపారుల కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఏ ఇంట్లోనైనా పాత డైరీలు తీసి చూడండి. జనవరి ఒకటి నుంచి సంక్రాంతి దాకా పేజీ నిండా రాత ఉంటుంది. ఆ తర్వాత పాల లెక్క, మధ్యలో ఎవరిదో ఫోన్ నంబరు. మార్చి నుంచి అన్నీ తెల్లకాగితాలే. వారానికోసారి కూర్చుని పనులన్నీ చూసుకుందాం అనుకున్నవాళ్ల సంగతీ ఇంతే. మొదటి వారం రెండు గంటలు కూర్చుంటారు. రెండో వారం గంట. మూడో వారం చుట్టాలు వస్తారు. నాలుగో వారం వచ్చేసరికి, పోయిన వారం బాకీ కూడా ఉంది కాబట్టి ఈసారి తీరిగ్గా కూర్చోవాలి అనుకుంటారు. ఆ తీరిక ఇక రాదు.

దీనికి మనం బద్ధకం అని పేరు పెట్టేస్తాం. నేను ఒప్పుకోను. తెల్లారుజామున నాలుగున్నరకి లేచి గేదెల పాలు పితికే మనిషి, రాత్రి పదకొండుకి షట్టరు దించే మనిషి కూడా దీన్ని మధ్యలోనే వదిలేస్తారు. వాళ్లని బద్ధకస్తులు అనగలమా? ఈ పని మోయలేనంత బరువెక్కుతుంది, అందుకే ఆగిపోతుంది. ఆ బరువులో పెద్ద భాగం ఒక్క చోటు నుంచే వస్తుంది. పనులు చూసుకోవడానికని కూర్చుని, అక్కడే వాటిని చేయడం మొదలుపెడతాం. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు, అసలు వారమే ఎందుకు అన్న ప్రశ్న. రోజూ చూసుకుంటే కంటికి ఆనేది నెత్తి మీదున్న పని ఒక్కటే. నెలకోసారి చూసుకుంటే గడువులు దాటిపోయి ఉంటాయి. ఇక్కడ వ్యాపారులున్నారు కాబట్టి మీ తేదీలే తీసుకుందాం. ఇతరులకి డబ్బు ఇచ్చేటప్పుడు కోసి పట్టిన ఆదాయపన్ను, అంటే టీడీఎస్, కట్టాల్సింది 7న. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11, పీఎఫ్ 15, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బీ 20. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారులకి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 3బీ గడువు 22. అడ్వాన్స్ ట్యాక్స్ అయితే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15. ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య నాలుగైదు రోజులే దూరం. నెలాఖరున కూర్చునేవాడికి అన్నీ వెనక్కిపోయి ఉంటాయి. వారానికోసారి కూర్చునేవాడికి ప్రతి తేదీ గడువుకి ముందే ఒక్కసారైనా కంటబడుతుంది. 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, లావాదేవీలే లేకపోయినా రోజుకి 20. ఆడిటరు గారు చూసుకుంటారులే అంటారా, బిల్లులు ఆయనకి చేర్చాల్సింది మీరే కదా.

ఇక అలవాటు సంగతి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. మధ్యాహ్న భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరిగెత్తడం లాంటి చిన్న పని ఒక్కొక్కరు ఒకటి ఎంచుకుని రోజూ చేశారు. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి వాళ్ల అంచనా ప్రకారం 254. ఇదంతా రోజూ చేసే పనికి. మన సమీక్ష ఏడాది మొత్తానికి 52 సార్లే వస్తుంది. అదే 66 అంకెను వారాలకి వర్తింపజేస్తే ఏడాది మీద మూడు నెలలు. అలా వర్తింపజేయడం శాస్త్రం ఏమీ కాదు, నా అంచనా మాత్రమే. కానీ ఆచరణలో దానర్థం ఒకటుంది. వారం సమీక్ష దానంతటది అలవాటవుతుందని ఎదురుచూడకండి. ప్రతిసారీ మిమ్మల్ని కుర్చీలోకి లాగే ఏర్పాటు ఏదో ఒకటి బయట ఉండాలి.

ఆ ఏర్పాటు గురించి పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఒక వ్యాసం రాశారు. "ఫలానా పని చేస్తాను" అనుకోవడం కన్నా, "ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను" అని ముడిపెట్టుకుంటే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది. కాబట్టి "వారానికోసారి చూసుకుంటాను" అనేది చాలదు. "శుక్రవారం మూడున్నర టీ తాగి గ్లాసు కింద పెట్టగానే నోట్‌బుక్ తెరుస్తాను." ఇలా ఉండాలి. రోజు, వేళ, దానికి ముందు ఎలాగూ జరిగే ఒక పని, ఈ మూడూ అందులో ఉన్నాయి. వీటిలో బలమైనది మూడోది. గడియారాన్ని మర్చిపోతాం గానీ టీని మర్చిపోం.

రోజు ఎంచుకోవడంలో చాలామంది ఆదివారానికే ఓటేస్తారు. నా సలహా, ఆదివారం వద్దు. ఆ రోజు పెళ్లిళ్లు, చుట్టాలు, మాంసం కొట్టు దగ్గర లైను. అది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఏమిటంటే, ఆదివారం సాయంత్రం మీకు ఏదైనా గుర్తొచ్చినా ఒక్క ఫోన్ కూడా చేయలేరు. ఆఫీసులు మూత, బ్యాంకులు మూత. 2015 సెప్టెంబరు నుంచి రెండో శనివారం, నాలుగో శనివారం కూడా బ్యాంకులకి సెలవే. గుర్తొచ్చిన పనిని ఏమీ చేయలేక మోసుకుంటూ పడుకోవడం వల్ల సమీక్ష అంటేనే గుబులు పుడుతుంది. శుక్రవారం మూడున్నరకి కూర్చుంటే నాలుగుకి ముందే అయిపోతుంది. అందులో బయటపడిన అర్జెంటు ఫోన్లు అయిదులోపు చేసేయొచ్చు. షాపు నడిపేవాళ్లకి మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా బేరం పలచగా ఉంటుంది, మంగళవారమో బుధవారమో ఆ వేళ పెట్టుకోండి. ఉపాధ్యాయులైతే శనివారం చివరి బెల్లు కొట్టాక, ఇంటికి బయలుదేరక ముందు, స్టాఫ్ రూమ్‌లోనే. ఇంటికి వెళ్లాక చూద్దాం అంటే ఇక అంతే.

సామాన్లు ఏం కావాలి? 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, పెన్ను ఒకటి, ఫోను. ఫోన్‌లో 25 నిమిషాల టైమర్. ఇంకేమీ వద్దు. యాప్‌లతో కూడా చేసుకోవచ్చు, తప్పేం లేదు. కానీ రెండు నెలలకోసారి కొత్త యాప్‌లోకి పనులన్నీ మార్చుకుంటూ కూర్చునేవాళ్లు ఉన్నారు. యాప్ మార్చడం కూడా వాయిదా వేయడమే, చూడ్డానికి పనిలా ఉంటుందంతే.

పాత కాలపు కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. అమ్మకం జరగ్గానే, అప్పు ఇవ్వగానే, వచ్చింది వచ్చినట్టు చిట్టాలో పడేది. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతా కిందికి వాళ్లది ఆవర్జాలోకి ఎక్కించేవారు. గుమాస్తా కొనేవాడి ఎదుట ఆవర్జా తిప్పుతూ కూర్చోడు. మన పనులకీ ఇదే పద్ధతి కావాలి. నోట్‌బుక్‌ని వెనక నుంచి తెరిస్తే చిట్టా. వారమంతా గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు, తేదీ కూడా అక్కర్లేకుండా, అక్కడ పడేయాలి. ముందు నుంచి తెరిస్తే ఆవర్జా. అందులో మూడే జాబితాలు: నేను చేయాల్సినవి, ఇతరుల నుంచి రావాల్సినవి, తర్వాత చూద్దాం అనుకున్నవి. తేదీ ఉన్నదేదైనా ఫోన్ క్యాలెండర్‌లోకి పోతుంది. సమీక్ష అంటే చిట్టాని ఆవర్జాలోకి ఎక్కించి, ఆవర్జాని ఒకసారి పై నుంచి కింది దాకా చదవడం. అంతకుమించి ఏమీ లేదు.

25 నిమిషాల్లో మొదటి ఏడు నిమిషాలు పోగేయడానికి. పనులు ఎక్కడెక్కడ చిక్కుకుని ఉంటాయో ఆ చోట్లన్నీ ఒకే వరుసలో ప్రతి వారం చూడాలి: చొక్కా జేబు, పర్సు, వాట్సాప్, స్క్రీన్‌షాట్లు, ఎస్ఎమ్ఎస్‌లు, మెయిల్. వరుస మారిస్తే ఒకటి తప్పిపోతుంది. ఎక్కువ సమయం తినేది వాట్సాపే. స్కూలు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల గ్రూపు, అన్నీ వెనక్కి జరుపుకుంటూ చదివితే ఏడు నిమిషాలు కాదు, డెబ్భై పడుతుంది. అందుకని వారం మధ్యలోనే పని ఉన్న మెసేజ్‌కి స్టార్ పెట్టేయాలి, సమీక్షలో స్టార్ పెట్టినవి మాత్రమే చూసి, రాసుకుని, స్టార్ తీసేయాలి. ఒక చిక్కుంది. మెసేజ్‌లు కొన్ని రోజులకి మాయమయ్యేలా పెట్టిన చాట్‌లో స్టార్ పెట్టినా ఆ మెసేజ్ గడువుకి పోతుంది. అలాంటివి మీకు మీరే మెసేజ్ పెట్టుకునే చాట్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. వాయిస్ మెసేజ్‌లైతే విన్న వెంటనే ఒక్క ముక్క రాసుకోవాలి, సమీక్షలో మళ్లీ వినడం మొదలుపెట్టకండి. పోగేయడం అయ్యాక ఫోను పక్క గదిలో పెట్టేయమంటాను, కానీ క్యాలెండర్ దాంట్లోనే ఉంది. కాబట్టి అది కూడా చూసేసి అప్పుడు పెట్టేయండి.

క్యాలెండర్‌కి అయిదు నిమిషాలు. వెనక్కి ఒక వారం, ముందుకి రెండు వారాలు. వెనక్కి ఎందుకంటే, పోయిన బుధవారం మీటింగ్‌లో "పంపిస్తాను" అని మీరు ఒప్పుకున్న కాగితం ఇంకా ఎక్కడా రాసి ఉండదు. ముందుకి రెండు వారాలు ఎందుకంటే, ఒక వారం చాలదు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. క్యాలెండర్‌లో పండగ తేదీ వేస్తారు, పని మొదలుపెట్టాల్సిన తేదీ వేయరు. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, అంతకుముందు 120 ఉండేది. సంక్రాంతికి జనవరి 12న బయలుదేరాలంటే మీ క్యాలెండర్‌లో ఉండాల్సిన తేదీ నవంబరు 13. జనవరి 12 అని మాత్రమే వేసుకుంటే, డిసెంబరు చివరి సమీక్షలో అది కంటబడుతుంది, అప్పటికి వెయిటింగ్ లిస్టే దిక్కు. ఇలాంటివి ఏడాదికి పదో పన్నెండో ఉంటాయి: బండి ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఏప్రిల్‌లో ముందే కడితే తగ్గింపు వచ్చే ఇంటిపన్ను, పాస్‌పోర్టు. వీటన్నిటికీ ఒకసారి కూర్చుని మొదలుపెట్టే తేదీలు వేసేయండి. ఏడాదికి ఒకసారి చేసే పని అది, వారం సమీక్షలో కలపకండి.

తర్వాతి పది నిమిషాలు జాబితాలకి. అసలు ఇబ్బందంతా ఇక్కడే వస్తుంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఒక మెడికల్ షాపు యజమాని పేజీ అనుకోండి. చిట్టాలో ఇలా ఉంది: అమ్మ కళ్లు. ఎక్స్‌పైరీ. ఇంటి కాగితాలు. లైసెన్సు. ఫ్రిజ్. ఈ అయిదింటినీ ఉన్నది ఉన్నట్టు ఆవర్జాలోకి ఎక్కిస్తే, వచ్చే వారం ఆయన ఆ పేజీ తెరవడు. ఎందుకంటే అందులో పనులు లేవు, దిగుళ్లు ఉన్నాయి. "అమ్మ కళ్లు" అని చదవగానే ఆపరేషనా, ఎక్కడ, ఎంతవుతుంది, షుగరు ఉంది కదా, అన్నయ్య ఏమంటాడు, అని అయిదు నిమిషాలు గడిచిపోతాయి. ఎక్కించేటప్పుడే దాన్ని చేతికి అందే పనిగా రాయాలి. "కంటి ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపరేషన్‌కి ముందు ఏ పరీక్షలు కావాలో అడగాలి." ఎక్స్‌పైరీ అనే మాట ఇలా మారాలి: "రెండో ర్యాక్‌లో మూడు నెలల్లోపు గడువున్నవి తీసి రిటర్న్ పెట్టెలో వేయాలి." మొత్తం షాపు కాదు, రెండో ర్యాకే. ఇంటి కాగితాలంటే, "బీరువా పై అరలో లింకు డాక్యుమెంట్లు (ఇంటి పాత రిజిస్ట్రేషన్ కాగితాలు) ఉన్నాయో లేదో చూడాలి." మందుల షాపు లైసెన్సుకి అయిదేళ్లకోసారి రిటెన్షన్ ఫీజు కట్టాలి కాబట్టి, "గోడ మీది లైసెన్సు ఫొటో తీసి తేదీ చూసి క్యాలెండర్‌లో వేయాలి." ఫ్రిజ్ మెకానిక్‌కి ఇదివరకే చెప్పి ఉంటే అది రెండో జాబితాలోకి పోతుంది: "మెకానిక్, ఫ్రిజ్ గ్యాస్, 9 నుంచి." ఎవరు, ఏమిటి, ఏ తేదీ నుంచి. ఆ తేదీ లేకపోతే రెండో జాబితాకి విలువ లేదు. ఏడు రోజులు దాటిన ప్రతి దానికీ ఒక ఫోన్ చేయాలని అదే చెబుతుంది.

రాసినది సరిగా ఉందో లేదో చూడటానికి సులువైన పరీక్ష ఉంది. ఆ వాక్యాన్ని ఇంకొకరికిచ్చి చేయమంటే, మిమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా లేచి వెళ్లగలగాలి.

ఇప్పుడు అసలు ప్రలోభం. "ఆస్పత్రికి ఫోన్ చేయాలి" అని రాశారు. ఫోను పక్క గదిలోనే ఉంది. రెండు నిమిషాల పనే కదా, ఇప్పుడే చేసేస్తే పోదా? రెండు నిమిషాల్లో అయ్యే పని ఎక్కడికక్కడ చేసేయాలని సమయపాలన గురించి రాసేవాళ్లు చాలామంది చెబుతారు. మామూలు వేళల్లో అది మంచి సలహా. సమీక్షలో మాత్రం వద్దు. రిసెప్షన్‌లో ఎత్తరు, మళ్లీ చేస్తారు, హోల్డ్‌లో పెడతారు, డాక్టరు గారు సోమవారం వస్తారంటారు, ఆ సంగతి చెప్పడానికి అన్నయ్యకి ఫోన్ చేస్తారు. నలభై నిమిషాలు. జాబితాలో పైన మూడు చూశారు, కింద పదిహేను అలాగే ఉన్నాయి. ఇలా రెండు వారాలు జరిగితే సమీక్ష అంటే రెండు గంటల పని అని మీ మనసు లెక్క కట్టుకుంటుంది. తర్వాతి శుక్రవారం రెండు గంటలు ఖాళీ లేదు కాబట్టి అసలు కూర్చోరు.

చేయకుండా రాసి పెట్టేస్తే మనసులో అది తిరుగుతూనే ఉంటుంది కదా అనే అనుమానం న్యాయమైనదే. మసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాలు దీని మీదే. పూర్తికాని పని మనసులో అడ్డం పడి ఇంకో పని చేయనివ్వదు. అయితే ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో ఖచ్చితంగా రాసుకున్నవాళ్లలో ఆ అడ్డు తొలగిపోయింది, పని ఇంకా చేయకపోయినా సరే. కాబట్టి రాయడమే చాలావరకు సరిపోతుంది, కాకపోతే ఖచ్చితంగా రాయాలి. "అమ్మ కళ్లు" అని రాస్తే ఆ ఫలితం రాదు. అయినా మనసు ఒప్పుకోకపోతే, నాలుగు నుంచి నాలుగున్నర దాకా విడిగా ఒక అరగంట పెట్టుకుని, అప్పుడు చేసేయదగ్గ వాటి పక్కన "4" అని వేసుకుంటూ పొండి. టైమర్ మోగాకే మొదటి ఫోను.

జాబితా పెరిగిపోవడం ఇంకో రోగం. రెండు నెలల్లో ఎనభై పనులవుతాయి. ఎనభై పనులు పది నిమిషాల్లో చదవలేరు. దానికి చుక్కల పద్ధతి పెట్టుకోండి. ప్రతి వారం చదివేటప్పుడు, పోయిన వారం నుంచి అంగుళం కూడా కదలని పని పక్కన పెన్నుతో ఒక చుక్క. మూడో చుక్క పడ్డ రోజు ఆ పనిని అలాగే వదలకూడదు. మూడు దారులు: చిన్న ముక్కగా తిరగరాయడం, క్యాలెండర్‌లో ఫలానా రోజు, ఫలానా వేళ అని వేయడం, కొట్టేయడం. చాలాసార్లు చుక్కలు పడేది పని పెద్దదై కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. "సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలి" అని మూడు చుక్కలు పడితే, దాని కింద ఏదో కాగితం దొరకడం లేదని అర్థం. "పాప బర్త్ సర్టిఫికెట్ వెతకాలి" అని తిరగరాయండి, అది కదులుతుంది. కొట్టేయడానికి చేతులు రానివాళ్లకి మూడో జాబితా ఉంది, తర్వాత చూద్దాం అనేది. అందులోకి తోసేయండి. ఆ జాబితాని ప్రతి వారం చదవక్కర్లేదు, నెల మొదటి సమీక్షలో చాలు. చాలామందికి ఈ సంగతి తెలియక నేర్చుకోవాల్సిన వీణనీ, వేయించాల్సిన సున్నాన్నీ ప్రతి శుక్రవారం చదువుకుంటూ నొచ్చుకుంటారు.

చివరి మూడు నిమిషాలు ఎంపికకి. వచ్చే వారానికి మూడు పనులు. మూడే ఎందుకంటే, మన అంచనాలు ఎప్పుడూ తక్కువే పడతాయి. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటు జవాబు 33.9 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పడుతుందంటే 48.6 అన్నారు. నిజంగా పట్టింది సగటున 55.5. అన్నీ అడ్డం తిరిగితే అని వేసుకున్న లెక్క కూడా చాలలేదు. కాబట్టి మీకు తోచిన సమయానికి సగం కలుపుకుని, అప్పుడు వారంలో ఎన్ని పడతాయో చూడండి. మూడు పనులూ ఆవర్జా పేజీ పైన రాసి చుట్టూ గీత గీసేయండి. టైమర్ మోగితే ఎక్కడున్నా ఆపేయండి. మిగిలిన నాలుగు వరుసలు వచ్చే వారం మొదట చదవొచ్చు.

ఇక తప్పిపోయిన వారాలు. ఒకసారి తప్పితే కొంప మునగదు. లాలీ అధ్యయనంలోనూ ఒక్క రోజు మానేయడం వల్ల అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. నష్టం చేసేది తర్వాత మనం పెట్టుకునే బాకీ. మూడు వారాలు తప్పాయి కాబట్టి మూడు వారాల క్యాలెండర్ వెనక్కి తిప్పాలి, మూడు వారాల మెసేజ్‌లు చూడాలి అనుకుంటే ఎప్పటికీ కూర్చోరు. బాకీ లేదు. ఎన్ని వారాలు పోయినా వెనక్కి చూసేది ఒక్క వారమే, టైమర్ 25 నిమిషాలే. అంతకుముందు జారిపోయినదాంట్లో ముఖ్యమైనది ఉంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు, ఖాయం.

ఏ వారాలు తప్పుతాయో మనకి ముందే తెలుసు. మాఘంలో ముహూర్తాలు, శ్రావణంలో ముహూర్తాలు, వ్రతాలు, పిల్లల పరీక్షలు, మార్చి నెలాఖరు. ఆ వారాలకి పలచటి సమీక్ష ఒకటి ముందే నిర్ణయించుకోండి. నిలబడే చేయొచ్చు, ఏడు నిమిషాలు: ముందుకి రెండు వారాల క్యాలెండర్, రెండో జాబితాలో ఏడు రోజులు దాటినవి, వచ్చే వారానికి ఒక్క పని. పోగేయడం లేదు, చుక్కలు లేవు. ఫంక్షన్ హాల్లో భోజనాల బంతి కోసం ఎదురుచూస్తూ కూడా అయిపోతుంది. క్యాలెండర్‌లో ఆ శుక్రవారాల మీద ఇప్పుడే "పలచన" అని రాసుకోండి. ముందే రాసుకుంటే అది కూడా లెక్కలోకి వచ్చే సమీక్షే. రాసుకోకుండా చేస్తే ఎగ్గొట్టినట్టు అనిపిస్తుంది.

ప్రశ్నలు తీసుకుంటాను.

"నేను నర్సుగా పనిచేస్తానండీ. డ్యూటీలు మారుతూ ఉంటాయి. శుక్రవారం మూడున్నర అంటే ఒక వారం నిద్రలో ఉంటాను, ఒక వారం వార్డులో ఉంటాను."

మీరు వారాన్ని పట్టుకోవద్దమ్మా, వీక్ ఆఫ్‌ని పట్టుకోండి. వీక్ ఆఫ్‌కి ముందు డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకోగానే. నైట్ డ్యూటీ దిగిన ఉదయం మాత్రం వద్దు, నిద్ర లేచాక టీతో పెట్టుకోండి. నిద్ర చాలని తలతో జాబితా చదివితే అన్నీ అర్జెంటుగానే కనబడతాయి. ఒక్కోసారి రెండు సమీక్షల మధ్య తొమ్మిది రోజులు రావచ్చు, ఒక్కోసారి అయిదు. ఫరవాలేదు. ముందుకి చూసేది రెండు వారాలు కాబట్టి సందు పడదు. డ్యూటీ చార్టు రాగానే ఫొటో తీసి క్యాలెండర్‌లోకి ఎక్కించడం క్యాలెండర్‌కి పెట్టిన అయిదు నిమిషాల్లో భాగం చేసుకోండి.

"భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చోవాలా?"

25 నిమిషాలు ఎవరివి వాళ్లవే. కలిసి కూర్చుంటే ఒకరి జాబితా ఇంకొకరికి ఆరోపణ పత్రం అవుతుంది. అయ్యాక పది నిమిషాలు కలవండి, క్యాలెండర్ మాత్రమే పక్కపక్కన పెట్టుకుని. స్కూల్ మీటింగ్‌కి ఎవరు, గ్యాస్ ఎవరు బుక్ చేయాలి, అంతవరకే. ప్రతి పని పక్కనా ఒక్క పేరే ఉండాలి. "మనం చూసుకుందాం" అని రాసినది ఎవరూ చూడరు.

"మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడి ఉద్యోగం, ఇక్కడి బ్యాంకు, ఫ్లాటు, మా పనులు, అన్నీ ఉన్నాయి. వాడికి శుక్రవారం పనికొస్తుందా?"

రాదండీ. అక్కడ శుక్రవారం సాయంత్రమంటే ఇక్కడ శనివారం తెల్లవారిపోతుంది. గురువారం రాత్రి పెట్టుకోమనండి. డాలస్‌లో గురువారం రాత్రి పది అంటే ఇక్కడ శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర, వాళ్ల చలికాలంలో అయితే తొమ్మిదిన్నర. మీకు మెసేజ్ పెట్టి పడుకుంటే మీరు ఆ రోజే బ్యాంకుకి వెళ్లి రావచ్చు. ఇండియా పనులకి ఆవర్జాలో వేరే పేజీ కూడా పెట్టుకోమనండి, ఎందుకంటే అవి చేయగల వేళ వేరు.

"నేను రిటైరై ఆరేళ్లయింది. నాకు పెద్దగా పనులేం లేవు. ఇదంతా అవసరమంటారా?"

వారానికి అక్కర్లేదు మాస్టారూ. నెలకి రెండుసార్లు, పింఛను పడ్డ మర్నాడు ఒకటి, 15 దాటాక ఒకటి. పదిహేను నిమిషాలు చాలు. మీ క్యాలెండర్‌లో తప్పనిసరిగా ఉండాల్సినవి కొన్ని చెబుతాను. లైఫ్ సర్టిఫికెట్: కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకి నవంబరు నెల, 80 దాటినవాళ్లకి అక్టోబరు 1 నుంచే ఇచ్చే వీలుంది. రాష్ట్ర పింఛనైతే మీ ట్రెజరీలో ఏ నెలో అడిగి ఆ నెల వేసుకోండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీరే తేదీలు, ఒక్కొక్కదానికి పది రోజుల ముందు. హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్, నెల ముందు. ఇక కూర్చున్న ప్రతిసారీ మాత్రల డబ్బా తెరిచి లెక్కపెట్టండి. మళ్లీ సమీక్షకి కూర్చునేదాకా సరిపడా లేకపోతే, నోట్‌బుక్‌లో మొదటి వరుస అదే.